కారు కరెంటు నేర్చుకుందాం, 4వ పాఠం: ఖాళీ సీటు ఎందుకు అరుస్తుంది?

పోయిన పాఠంలో బెల్టు పెట్టామో లేదో చెప్పే బకిల్ లోపలి స్విచ్ చూశాం కదా, ఇవాళ దాని జోడీ సంగతి. పక్క సీటులో ఎవరైనా కూర్చున్నారా అని కనిపెట్టే, ఆ సీటులోనే దాక్కున్న సెన్సార్.

ముందు నా గోల వినండి. కొత్త సీటు కవర్లు వేయించిన సాయంత్రమే, పక్కన ఎవరూ లేకపోయినా బీప్ బీప్ మొదలైంది. వారం రోజులు ఖాళీ సీటుకి బెల్టు పెట్టుకుని తిరిగాను, చూసినవాళ్ళంతా నవ్వారు. చివరికి తేలిందేంటంటే, కవరు కొక్కేలు అడుగున మరీ బిగించి లాగేశారు, ఆ బిగువుకే సెన్సార్ ఎవరో కూర్చున్నారనుకుంది.

ఎందుకనుకుంది? చాలా కార్లలో సీటు గుడ్డకీ ఫోమ్‌కీ మధ్య ఒక పల్చటి ప్లాస్టిక్ చాప ఉంటుంది. రెండు ఫిల్ములు, వాటి లోపలి వైపు కరెంటు పారే ఇంకుతో అచ్చేసిన గీతలు, మధ్యలో చిల్లులున్న ఇంకో పొర. బరువు పడితే చిల్లు ఉన్నచోట పై ఫిల్ము కిందిదాన్ని తాకుతుంది, రెసిస్టెన్స్ (కరెంటుకి తగిలే అడ్డు) పడిపోతుంది. దానికి మనిషెవరో బస్తా ఏదో తెలీదు, ఆ నాలుగైదు చోట్ల నొక్కుడు పడిందా లేదా అన్నదే దాని లెక్క. ఆ చిల్లులు కూడా సీటంతా ఉండవు, మనం కూర్చుంటే తుంటి ఎముకలు ఆనే చోట ఉంటాయి.

నమ్మకపోతే చేసి చూడండి. బండి నిలిపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బెల్టు పెట్టకుండా 20 లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్ పక్క సీటు మీద పెట్టండి. లీటరు సీసాతో ఒక్కొక్కటే పోస్తూ (ఒలికించకండి, తడి పడితే వేరే తలనొప్పి) బెల్టు లైటు చూస్తూ ఉండండి, అది మీటర్ బోర్డులో ఉండొచ్చు, లేదా ఏసీ దగ్గరో అద్దం దగ్గరో ఉండొచ్చు. ఎన్ని లీటర్ల దగ్గర వెలిగిందో రాసుకోండి, కిలోలు కూడా అంతే. ఇప్పుడు అదే క్యాన్‌ని జానెడు ముందుకి, సీటు అంచుకి జరపండి. చాలా బళ్ళలో లైటు ఆరిపోతుంది. బరువు మారలేదు, చోటు మారింది!

ఇక లెక్క తేలిక. నొక్కుడు ఉంది, బకిల్ తెరిచి ఉంది, రెండూ నిజమైతే లైటు. బజర్ మోగాలంటే బండి కదలాలి. సీటు బెల్టుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన 16వ నిబంధన ప్రకారం అది మొదలయ్యే హద్దు గంటకి 25 కి.మీ. వేగమో, 500 మీటర్ల దూరమో, 60 సెకన్ల సమయమో మించకూడదు. అందుకే గేటు దగ్గర ఊరుకుని మెయిన్ రోడ్డెక్కగానే అరుస్తుంది. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారైన కార్లలో డ్రైవరుకీ పక్క సీటుకీ ఈ బెల్టు హెచ్చరిక తప్పనిసరి.

ఇప్పుడు అసలు పని, తప్పెక్కడో పట్టడం. సీటు ఖాళీ, బెల్టు తీసి ఉంది, అయినా లైటు వెలుగుతోంది అనుకుందాం. బెల్టు పెట్టండి. ఆరిపోయిందా, బకిల్ స్విచ్ బాగానే ఉంది, చాపే నొక్కుకుపోయింది. కవరు కొక్కేలు వదులు చేసి చూడండి, కుదరకపోతే చాప మడత పడిందేమో, తడి దిగిందేమో. బెల్టు పెట్టినా ఆరలేదంటే బకిల్ వైపు వెళ్ళండి. చిల్లర బిళ్ళలూ బిస్కెట్ పొడీ అందులో పడి స్విచ్‌ని ఆపేస్తాయి, పిల్లలున్న ఇంట్లో మరీను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. సీటు కింద పసుపు రంగు కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ జాయింటు) కనిపిస్తే చెయ్యి పెట్టకండి, కరెంటు కొలిచే మల్టీమీటర్ అసలు పెట్టకండి. అది ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్, మీటరు పంపే చిన్న కరెంటుకి కూడా పేలే ప్రమాదం ఉంది. అక్కడిదాకా వస్తే మెకానిక్‌కి అప్పగించండి.

వచ్చే పాఠం వెనక సీటు, చాలా బళ్ళలో అక్కడ ఈ చాపే ఉండదు. ఈలోగా మీ క్యాన్ లెక్క రాసి ఉంచండి, దాంతో పని పడుతుంది.