బ్రౌజర్‌లో ఐడిల్ గేమ్ ఆడి, తయారుచేసినవారికి పనికివచ్చే అభిప్రాయం చెప్పడం ఎలా?

మనం కనిపెట్టుకుని కూర్చోకపోయినా తనంతట తాను సాగుతూ, తిరిగి వచ్చేసరికి ఎంతో కొంత పోగుచేసి ఉంచే ఆటలను ఐడిల్ గేమ్‌లు అంటారు. 2013లో వచ్చిన కుకీ క్లిక్కర్‌తో ఈ తరహా ఆటలు చాలామందికి పరిచయమయ్యాయి. బెంగళూరు మారతహళ్లిలో నేనుండే పీజీలో, అనంతపురం నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఆఫీసు పని ముగించుకున్నాక రాత్రుళ్లు కూర్చుని ఇలాంటిదే ఒకటి తయారుచేశాడు. బిందెడు నీళ్లతో మొదలుపెట్టి, మోటార్లు కొని, చెరువు నింపి, వేరుశనగ పండించే ఆట అది. గదిలోని వాళ్లమందరం ఆడి బాగుందన్నాం. రెండు రోజుల తరువాత అతడు, "అన్నా, బాగుందంటే నేనేం మార్చుకోవాలి? ఎక్కడ విసుగొచ్చిందో, అప్పటికి ఎంతసేపయిందో చెప్పు" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను అలవరచుకున్న పద్ధతి ఇది. ఐడిల్ గేమ్ అంటే ప్రధానంగా ఎదురుచూపుల అమరిక కాబట్టి, దాని గురించిన అభిప్రాయం కూడా నిమిషాల లెక్కతోనే ఉండాలని నా నమ్మకం.

ఆట తెరిచే ముందు

ఇన్‌కాగ్నిటో విండోలో కాక మామూలు విండోలోనే ఆట తెరవండి. ఈ ఆటల్లో చాలావరకు మన ప్రగతిని ఆ బ్రౌజర్‌లోనే దాచుకుంటాయి కనుక, ఇన్‌కాగ్నిటో విండో మూసినా, బ్రౌజర్ డేటా తుడిచినా అంతా పోతుంది. సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ అనే సదుపాయం ఉందేమో చూడండి. అది ఇచ్చే పొడవాటి అక్షరాల వరుసను ఒక టెక్స్ట్ ఫైలులో భద్రపరచుకుంటే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు దానినే తయారుచేసినవారికి పంపవచ్చు. మీరు ఏ స్థితిలో ఆగారో వారు తమ కంప్యూటర్‌లో యథాతథంగా చూడగలుగుతారు.

మొదటి గంట

చిట్కాలు చదవకుండా, ఆటో క్లిక్కర్ (మన బదులు తానే క్లిక్ చేసే ప్రోగ్రామ్) వాడకుండా ఆడండి. పక్కన ఒక కాగితం పెట్టుకుని, కొత్తది ఏది కొన్నా, కొత్త మీట ఏది కనిపించినా సమయం రాసుకోండి. నా కాగితం మీద ఇలా ఉంది: "4వ నిమిషం, మొదటి మోటారు. 19వ నిమిషం, పైపులైను. 23 నుంచి 34 వరకు కొనడానికి ఏమీ లేదు, తరువాత ఏం వస్తుందో కూడా తెలియలేదు." ఈ చివరి వాక్యం చూసి తమ్ముడు ఎంతో సంతోషించాడు. పదకొండు నిమిషాలు ఆగడానికి ఆటగాడు సిద్ధంగానే ఉంటాడు, కానీ దేనికోసం ఆగుతున్నాడో అతనికి కనిపించాలి. అందుచేత ఖాళీ ఎంతసేపు ఉందన్నదానితోపాటు, ఆ సమయంలో ముందు ఏదైనా ఆశ కనిపించిందా లేదా అన్నది కూడా రాయండి.

ధరల లెక్క

విసుగు పుట్టిన చోట కారణం చాలాసార్లు ధరల్లోనే ఉంటుంది. కుకీ క్లిక్కర్‌లో, మన బదులు తానే క్లిక్ చేసే కర్సర్ అనే వస్తువు మొదటిదాని ధర 15 కుకీలు. కొన్న ప్రతిసారీ తరువాతి దాని ధర 15 శాతం పెరుగుతుంది. వినడానికి స్వల్పంగానే అనిపించే ఈ పెరుగుదల వల్ల 10వ కర్సర్ ధర 53 దగ్గర ఉంటే, 50వది 14 వేలు దాటుతుంది. ఒక్కో వస్తువు ఇచ్చే ఆదాయం మాత్రం దాని వెంట పెరగదు.

ఇక్కడ ఒక చిన్న భాగహారం చేయండి: ధరను, ఆ వస్తువు సెకనుకు తెచ్చే అదనపు ఆదాయంతో భాగిస్తే, పెట్టుబడి ఎన్ని సెకన్లలో తిరిగి వస్తుందో తెలుస్తుంది. అదే ఆటలో సెకనుకు 0.1 ఇచ్చే మొదటి కర్సర్‌కు 150 సెకన్లు పడితే, 100 కుకీలు పోసి కొనే అమ్మమ్మ అనే మరో వస్తువు సెకనుకు 1 చొప్పున ఇస్తుంది కనుక 100 సెకన్లు చాలు. మీరు ఆడే ఆటలో ఈ లెక్క ఏదైనా ఒక వస్తువుకు మాత్రమే మరీ ఎక్కువగా తేలితే దానిని ఎవరూ కొనరు. మరీ తక్కువగా తేలితే మిగతావన్నీ వృథా అవుతాయి. మా తమ్ముడి ఆటలో చెరువు గట్టు సంగతి మొదటి రకం. అంత అందంగా గీసిన బొమ్మను ఎవరూ కొనకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

చూడనప్పుడు ఏం జరుగుతోంది?

ఈ పరీక్షను తప్పక చేయండి. సెకనుకు 20 బిందెలు వస్తున్నప్పుడు ఉన్న మొత్తం రాసుకుని, వేరే ట్యాబ్‌కు మారి, పది నిమిషాల తరువాత తిరిగి రండి. 12,000 పెరగాలి. చాలా తక్కువ పెరిగితే, ఆట గడిచిన కాలాన్ని లెక్కించకుండా తన టైమర్ ఎన్నిసార్లు మోగిందో లెక్కిస్తూ ఉండవచ్చు. 2021లో వచ్చిన క్రోమ్ 88 నుంచి, ఐదు నిమిషాలకు మించి కనబడకుండా ఉన్న ట్యాబ్‌లో చాలా సందర్భాల్లో టైమర్లు నిమిషానికి ఒక్కసారే పనిచేస్తాయి. తరువాత ట్యాబ్ పూర్తిగా మూసి, ఇదే పరీక్ష మళ్లీ చేయండి. కొన్ని ఆటలు మూసి ఉన్నప్పటి ఆదాయాన్ని కావాలనే తగ్గిస్తాయి కనుక, వివరణ చదివాకే దానిని లోపమని రాయండి. ఫోన్‌లో ఆడేవారు నెట్ లేనప్పుడూ చూడాలి. నేను పర్పుల్ లైన్ మెట్రో కబ్బన్ పార్క్ దగ్గర భూగర్భంలో సాగేటప్పుడు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూస్తాను.

పెద్ద సంఖ్యలను తెర మీద ఉన్నట్టే రాయండి. సుమారు 9,007 లక్షల కోట్లు దాటాక బ్రౌజర్ ఆటలను రాసే భాష జావాస్క్రిప్ట్‌లోని మామూలు సంఖ్యలు ప్రతి పూర్ణాంకాన్నీ కచ్చితంగా చూపలేవు. మిలియన్లు, బిలియన్ల స్థానంలో లక్షలు, కోట్లు చూపే ఎంపిక కావాలని అడగడానికి మనవాళ్లు సంకోచించనక్కరలేదు. వంద కోట్లు అంటే కలిగే ఆనందం ఒక బిలియన్ అంటే నాకు కలగదు.

రాసి పంపడం

పరికరం, బ్రౌజర్, ఆడిన సమయం ముందుగా చెప్పి, లోపాలను ఒక చోట, వేగం గురించిన మాటలను మరొక చోట, కోరికలను చివర రాయండి. "ధర తగ్గించు" అనడానికి ముందు ఏం జరిగిందో చెప్పండి: "గట్టు కొనడానికి 6,000 బిందెలు కావాలి, అది సెకనుకు 4 మాత్రమే ఇస్తోంది, అంటే పెట్టుబడి తిరిగి రావడానికి 25 నిమిషాలు, అందుకే దానిని వదిలి మోటార్లే కొన్నాను." ఏది మిమ్మల్ని ఆపకుండా ఆడించిందో కూడా రాయండి, లేకపోతే మార్పుల్లో అదే పోయే ప్రమాదం ఉంది. ప్రెస్టీజ్ చేసి (అంటే శాశ్వత లాభం కోసం పోగుచేసినది వదులుకుని) మళ్లీ మొదటి నుంచి ఆడి ఉంటే, పాత స్థాయికి చేరడానికి రెండోసారి ఎంతసేపు పట్టిందో జతచేయండి.

కొత్త వెర్షన్ వచ్చాక రెండుసార్లు ఆడండి, ఒకసారి సున్నా నుంచి, మరొకసారి భద్రపరచిన పాత సేవ్‌తో. మా తమ్ముడు గట్టు ధర తగ్గించిన రోజున కొత్తగా మొదలుపెట్టినవారికి అంతా సవ్యంగానే నడిచింది. నా పాత సేవ్‌లో మాత్రం మోటార్లన్నీ సున్నా అయ్యాయి. ఆ అక్షరాల వరుసను అతనికి పంపాను, ఆ రాత్రే సరిచేశాడు.