సౌత్ పాడ్రే బయల్దేరుతున్నారా? ముందు పాస్‌పోర్ట్ ఎక్కడుందో చూడండి

మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ అనగానే డాలస్, హ్యూస్టన్ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: సౌత్ పాడ్రే, మెక్సికో సరిహద్దు దగ్గరి టెక్సస్ బీచ్ దీవి. నలుగురు రూమ్మేట్లు, ఒక అద్దె కారు, బీచ్ దగ్గర ఒక గది. అదృష్టం బాగుంటే స్పేస్‌ఎక్స్ ప్రయోగ కేంద్రం స్టార్‌బేస్ రాకెట్ కూడా కనిపిస్తుంది. డాలస్ పక్కనున్న ఇర్వింగ్ నుంచి తొమ్మిది గంటల దారి కాబట్టి పులిహోర కలుపుకుంటాం, స్పీకర్ చార్జింగ్ పెడతాం. పాస్‌పోర్ట్ మాత్రం సూట్‌కేసు అడుగునే ఉండిపోతుంది. దేశం దాటడం లేదుగా!

దాటక్కర్లేదు. తిరిగి వచ్చేటప్పుడు హైవే 77 మీద సరీటా దగ్గర, 281 మీద ఫాల్‌ఫూరియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉన్నాయి. ఉత్తరంగా వచ్చే కార్లను ఆపుతారు. వెళ్లేటప్పుడు మనల్ని ఎవరూ ఆపరు కాబట్టి ఆ సంగతే మనకు తెలియదు. పోయినేడు మా కారులో ఒకడు ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫొటో చాలనుకున్నాడు. వాడి వివరాలు సరిచూసేదాకా పక్కన రెండు గంటలు కూర్చున్నాం. మిగిలిన పులిహోర అక్కడే అయిపోయింది.

పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు ఇమ్మిగ్రేషన్ పత్రాలు వెంట ఉంచుకోవాలన్నది చట్టం. పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు వీసా మీద ఉన్నవాళ్లందరికీ కావాలి. ఎఫ్-1 విద్యార్థులు కాలేజీ ఇచ్చిన ఐ-20, చదువయ్యాక ఓపీటీ ఉద్యోగంలో ఉంటే ఈఏడీ (పని అనుమతి) కార్డు కూడా పెట్టుకోండి. హెచ్-1బి ఉద్యోగులకు, హెచ్-4 కుటుంబసభ్యులకు ఐ-797 ఆమోద పత్రం, ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంటే దాని రసీదు నోటీసు. గ్రీన్‌కార్డు వాళ్లకు కార్డే. ఇవన్నీ డిక్కీలో కాదు, చేతికందే చోట ఉండాలి.

ఇక అసలు జాగ్రత్త నోటిది. కిటికీ దించగానే ‘యూఎస్ సిటిజనా?’ అని అడుగుతారు. ఎవరేమడిగినా ‘యా, యా’ అంటూ తలూపేయడం మనకు అలవాటు. ఇక్కడ ఆ ‘యా’ కొంప ముంచుతుంది. పౌరులు కాకుండా పౌరులమని చెప్పుకున్నట్టు తేలితే ఇమ్మిగ్రేషన్ చట్టంలో అది శాశ్వతంగా వెంటాడే తప్పు. పాట ఆపండి, ప్రశ్న పూర్తిగా వినండి, ‘నో ఆఫీసర్, స్టూడెంట్ వీసా’ అని చెప్పండి. జోకులు ఇంటికొచ్చాక వేసుకోవచ్చు.

షాపులో బహిరంగంగానే అమ్మారు కదా అని గంజాయి గమ్మీలు, వేప్‌లు బ్యాగులో వేసుకోకండి. చెక్‌పోస్టు ఫెడరల్ ప్రభుత్వానిది, పక్కనే వాసన పట్టే కుక్క ఉంటుంది. ఎల్ పాసో నుంచి వచ్చే ఐ-10 మీద సియెర్రా బ్లాంకా చెక్‌పోస్టులో 2010లో గాయకుడు విల్లీ నెల్సనే గంజాయితో దొరికిపోయాడు. ఆయన అమెరికా పౌరుడు, తేలిగ్గానే బయటపడ్డాడు. వీసా మీద ఉన్నవాళ్లకు మత్తుపదార్థాల కేసంటే చదువు, ఉద్యోగం రెండూ పోయే ప్రమాదం.

వీటికితోడు టెక్సస్ రాష్ట్రం సొంతంగా పెట్టిన కాపలా ఉంది. 2021 మార్చిలో గవర్నర్ గ్రెగ్ ఆబట్ ‘ఆపరేషన్ లోన్ స్టార్’ మొదలుపెట్టి రాష్ట్ర పోలీసుల్ని, నేషనల్ గార్డ్‌ను సరిహద్దుకు పంపారు. దీని ఖర్చు 11 బిలియన్ డాలర్లు దాటింది. ఈగల్ పాస్ ఊరి దగ్గర సరిహద్దు నది రియో గ్రాండేలో తేలే పెద్ద బంతుల గోడ కట్టారు. అక్రమంగా సరిహద్దు దాటడాన్ని రాష్ట్ర నేరంగా మార్చిన ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 4 చట్టం 2024 మార్చిలో కొన్ని గంటలు అమలై అప్పట్లో కోర్టులో ఆగింది. టీవీలో చూసేది ఎక్కువగా ఇవే. మన కుర్రాళ్లకు నిజంగా తగిలేవి మరో రెండున్నాయి.

ఒకటి, మనుషుల అక్రమ రవాణా చట్టం, అంటే దొంగతనంగా సరిహద్దు దాటినవాళ్లను బండిలో తరలించడం మీద. 2024 ఫిబ్రవరి నుంచి ఈ నేరానికి కనీస శిక్ష పదేళ్లు, కొన్ని సందర్భాల్లో ఐదేళ్లు. కార్టెల్స్ (మెక్సికో నేర ముఠాలు) డ్రైవర్లను సోషల్ మీడియాలో వెతుకుతాయి. ‘మెకాలెన్ నుంచి శాన్ ఆంటోనియోకి నలుగుర్ని దింపాలి, ఒక్క ట్రిప్పు, వేలల్లో డాలర్లు’ లాంటి సందేశం వస్తుంది. క్యాంపస్ ఉద్యోగం దొరక్క, ఫీజు గడువు నెత్తిమీదున్నవాడికి అది దేవుడిచ్చిన వరంలా కనిపిస్తుంది. మూడున్నర గంటల డ్రైవింగ్‌కు ఎవరూ అంత ఊరికే ఇవ్వరు తమ్ముడూ. బ్లాక్ చేయండి. దారిలో చెయ్యెత్తిన అపరిచితుణ్ని ఎక్కించుకోకండి. ఎవరైనా ఆపదలో కనిపిస్తే 911కి ఫోన్ చేయండి.

రెండోది ఎస్‌బీ 8. 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. జైళ్లు నడిపే షెరీఫ్‌లు (కౌంటీ పోలీసు అధికారులు) ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ అధికారులతో ఒప్పందం చేసుకోవాలి. అంటే తాగి బండి నడిపి ఒక్క రాత్రి లోపలికెళ్లినా మీ స్టేటస్ మీద ప్రశ్న రావచ్చు. తాగనివాడికే తాళాలు ఇవ్వండి.

మందులు, పళ్ల వైద్యం చవకని సరిహద్దు అవతల మెక్సికోలోని నూవో ప్రొగ్రెసోకో మాటమోరోస్‌కో వెళ్దామనేవాడు గుంపులో ఒకడుంటాడు. ఆ రెండూ తమౌలిపాస్ రాష్ట్రంలోవి. అక్కడికి వెళ్లొద్దని అమెరికా విదేశాంగ శాఖ అత్యున్నత స్థాయి హెచ్చరిక పెట్టింది. 2023 మార్చిలో మాటమోరోస్‌లో నలుగురు అమెరికన్లను కిడ్నాప్ చేశారు, వారిలో ఇద్దరు చనిపోయారు. స్ప్రింగ్ బ్రేక్‌కు మెక్సికో వెళ్లొద్దని టెక్సస్ పోలీసులే చెప్పారు. పైగా పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు తీరిపోయాక సరిహద్దు వంతెన దాటితే తిరిగి రావడం వేరే తలనొప్పి కావచ్చు. బ్రౌన్స్‌విల్‌లో ‘మెక్సికోకు ముందు చివరి మలుపు’ బోర్డు కనిపిస్తే జీపీఎస్ ఏం చెబుతున్నా తిరిగిపోండి.

వచ్చేటప్పుడు రేమండ్‌విల్‌లోనే ట్యాంకు నింపుకోండి. అక్కడి నుంచి సరీటా దాకా అంతా పశువుల ర్యాంచీలే, గ్యాస్ స్టేషన్ దొరకదు.