కేంద్రమా, రాష్ట్రమా? ఐదో పాఠం: ఉమ్మడి జాబితాలో గొడవొస్తే

భూసేకరణ చట్టం చేసే అధికారం కేంద్రానిదా, రాష్ట్రానిదా అని పోయిన పాఠంలో అడిగాను. ఎక్కువమంది రాసిన తప్పు జవాబు ఇది: భూమి రాష్ట్ర జాబితాలో ఉంది కాబట్టి భూసేకరణ చట్టం చేసేది రాష్ట్రమే. భూమి రాష్ట్ర జాబితాలో 18వ అంశం, నిజమే. భూసేకరణ మాత్రం ఉమ్మడి జాబితాలో (కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల అంశాల్లో) 42వది, కాబట్టే 2013 చట్టం పార్లమెంటు చేయగలిగింది. పేరు చూసి ఊహించకండి, ఈ జాబితాలుండే రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తెరవండి. చదువు, అడవులు 1976 దాకా రాష్ట్ర జాబితాలోనే ఉండేవి, రాజ్యాంగ 42వ సవరణ వాటిని ఉమ్మడిలోకి లాగింది (ఈ రెండు 42లనీ కలిపేసుకోకండి, ఆ ఘనకార్యం కూడా కొందరు చేశారు).

ఇక అసలు చిరాకు. ఉమ్మడి అంశం మీద రెండు చట్టాలూ ఉండి, రెండిటికీ పొసగకపోతే "తర్వాత వచ్చిందే చెల్లుతుంది" అని రాస్తున్నారు. కాదు. రాజ్యాంగం 254వ అధికరణ ప్రకారం పార్లమెంటు చట్టం ముందొచ్చినా వెనకొచ్చినా అదే నెగ్గుతుంది, రాష్ట్ర చట్టం పొసగని మేరకు చెల్లదు. దీనికి ఒక మినహాయింపు ఉంది కాబట్టి, నేనైతే తేదీలకన్నా ముందు రాష్ట్రపతి ఆమోదం ఉందా అని చూస్తాను. గవర్నర్ సంతకం చాలదు. రాష్ట్ర బిల్లు రాష్ట్రపతికి వెళ్ళాలి, అప్పటికే ఉన్న ఏ కేంద్ర చట్టంతో తేడా వస్తోందో రాష్ట్రం చెప్పుకోవాలి, ఆమోదం దొరికితే ఆ రాష్ట్రం వరకూ దాని మాట నెగ్గుతుంది. రాష్ట్రపతి నడిచేది కేంద్ర మంత్రివర్గం సలహా మీద కాబట్టి, తాళం ఎవరి చేతిలో ఉందో మీకే తెలుస్తుంది.

జల్లికట్టు చూడండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కేంద్రానిది, దాని ఆధారంగానే 2014లో సుప్రీంకోర్టు ఆటని ఆపింది. 2017లో తమిళనాడు ఆ చట్టానికే తన రాష్ట్రం వరకూ సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది, 2023లో రాజ్యాంగ ధర్మాసనం అది చెల్లుతుందంది. అంతటితో భద్రం అనుకోకండి, పార్లమెంటు తలచుకుంటే రేపే ఇంకో చట్టంతో దాన్ని తోసిపారేయగలదు, అదే అధికరణ చివర్లో రాసుంది.

పూర్తిగా రాష్ట్ర జాబితాలోకే వచ్చే అంశాలకి మామూలుగా ఈ 254 గొడవ లేదు. ఒక చట్టం ఏ జాబితా కిందికి వస్తుందన్నదే తేలకపోతే మాత్రం వాదన అక్కడే మొదలవుతుంది.

అభ్యాసం: 2020 సాగు చట్టాలకి కేంద్రం ఉమ్మడి జాబితా 33వ అంశాన్ని ఆధారంగా చూపింది. రాష్ట్ర జాబితా 14, 28 కూడా చదివి, ముందు కేంద్రం తరఫున ఒక పేజీ, తర్వాత రాష్ట్రం తరఫున ఇంకో పేజీ వాదన రాయండి. మీకు నచ్చని పక్షం పేజీయే నేను ముందు దిద్దుతాను.