ఫెర్రెట్లను తోటలోకి వదిలే ముందు పిల్లుల సంగతి చూడండి

ఫెర్రెట్ అంటే ముంగిసలా పొడుగ్గా ఉండే, మాంసం తినే చిన్న పెంపుడు జంతువు. దాన్ని వదిలే ముందు మీరొక్కరే బయటికెళ్లి ఓ చుట్టు తిరిగి రండి. గోడ మీద, పొదల కింద చూడండి. పిల్లి కదలకుండా కూర్చుంటే కనిపించదు, తోక కొస మాత్రం ఆడుతుంటుంది.

- ఆవరణకు పైన కప్పు ఉందా? పక్కల ఎంత ఎత్తు మెష్ కట్టినా పైన ఖాళీ ఉంటే పిల్లికి అది అడ్డే కాదు. మెష్ కన్నాల్లో పంజా దూరకూడదు. ఫెర్రెట్ జారిపోవడానికి 2.5 సెంటీమీటర్ల సందు చాలు. అది మట్టి కూడా తవ్వుతుంది, కాబట్టి కింద కూడా మెష్ పరవాలి.
- ఫెర్రెట్ తినగా మిగిలిన మాంసం తీసేశారా? ఆ వాసనకే పిల్లులు చేరతాయి.
- ఫెర్రెట్‌ని పట్టీ కట్టి తిప్పుతుంటే క్యారియర్ (దాన్ని మోసుకెళ్లే పెట్టె) చేతికందేలా పెట్టుకోండి. కట్టేసి లోపలికి మాత్రం వెళ్లొద్దు, ఒక్క నిమిషమైనా సరే.

పిల్లులు రాకుండా నాఫ్తలీన్ ఉండలు చల్లమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అవి పిల్లికీ ఫెర్రెట్‌కీ విషమే. పిల్లి మీద నాలుగు చుక్కల నీళ్లు చిమ్మితే చాలు, పోతుంది.

నిజానికి పెద్ద ఫెర్రెట్ పిల్లికి అంత తేలిగ్గా లొంగదు, టెన్షన్ అంతా ఫెర్రెట్ కూనల గురించే. అయినా కొట్లాట జరిగితే ఒళ్లంతా తడిమి చూడండి. పిల్లి పంటి గాటు పైకి చుక్కలాగే ఉంటుంది, లోపల చీము పట్టొచ్చు. అదే రోజు పశువైద్యుడికి చూపించండి.