వరంగల్ ఏకశిలా పార్కు ధర్నాకు బయల్దేరేముందు

అనుమతి దరఖాస్తు నకలు మీద ఠాణా ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాట నమ్మొద్దు. పోయినసారి మాకు "సరే, పెట్టుకోండి" అన్నారు. తెల్లారి ఐదింటికే ఇంటిముందు జీపు ఆగింది.

ముందస్తు అరెస్టుకు పోలీసులు చూపేది బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 170వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 151. కారణం అడగండి. ఇంటికి కబురు పెట్టించండి. 24 గంటల్లోపు వదలకుంటే మెజిస్ట్రేటు ముందు పెట్టాల్సిందే.

వకీలు నంబరు అరచేతి మీద పెన్నుతో రాసుకోండి, మొదట లాక్కునేది ఫోనే. బీపీ గోలీలు, నీళ్లసీసా.

ప్లకార్డుకు కర్ర వద్దు, అట్ట చాలు. రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చింది ఆయుధాల్లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు. కర్ర చూపి దాన్ని లాక్కోనివ్వకండి.

1985లో పౌరహక్కుల నాయకుడు డాక్టర్ రామనాథంను కాల్చి చంపింది ఈ ఊళ్లోనే. ఒంటరిగా రావొద్దు. పోయేటప్పుడూ జంటగానే పోండి.