యుద్ధంలో సైనిక ఆసుపత్రికి సరుకు పంపడం: లారీ రాదనుకునే లెక్క వేయండి

స్టాకును పెట్టెల్లో కాదు, రోజుల్లో లెక్కపెట్టండి. "సెలైన్ 40 పెట్టెలుంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. పెట్టెకు 24 అరలీటరు సీసాలైతే మొత్తం 960; రోజుకు 120 ఖర్చయితే 8 రోజులు. లారీకి మామూలుగా 4 రోజులు, దారి తెగితే ఇంకో 5 పడుతుందనుకుంటే, ఇండెంట్ (సరుకు కావాలని పంపే కోరిక పత్రం) నిన్ననే వెళ్లి ఉండాల్సింది. సగటును నమ్ముకోవద్దు. క్షతగాత్రులు గుంపులుగా వస్తారు. అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయిన రోజు ఎంత పట్టిందో అంత సరుకు విడిగా తాళం వేసి ఉంచండి.

లోడింగ్‌లోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. గ్లౌజులన్నీ ఒక లారీలో, మత్తుమందులన్నీ ఇంకో దాంట్లో ఎక్కిస్తారు. లెక్క రాసుకోవడానికి సులువే. కానీ రెండో లారీ దారిలో ఆగిపోతే గ్లౌజులు ఎన్నున్నా ఆపరేషన్ జరగదు. అందుకని ప్రతి బండిలో కొన్ని ఆపరేషన్లకు సరిపడా పూర్తి సెట్లు పెట్టండి: కెటమిన్ (మత్తుమందు), సిరంజీలు, కాన్యులాలు (నరంలోకి ఎక్కించే సన్నని గొట్టాలు), ఐవీ సెట్లు (సెలైన్ ఎక్కించే గొట్టాలు), గాజుగుడ్డ, కుట్టుదారం, గ్లౌజులు. దిగగానే కావాల్సినవి చివర్లో, తలుపు దగ్గర ఎక్కించండి. సెలైన్ బరువు సరుకు. 960 సీసాలంటే దాదాపు అరటన్ను. దానికి లారీ తప్పదు. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మోటారు సైకిల్ మీదైనా పోతాయి, వాటిని లారీ కోసం ఆపొద్దు.

రక్తం సంగతి వేరు. ఎర్రకణాల సంచులు నిల్వలో 2–6 డిగ్రీల మధ్య ఉండాలి, ప్రయాణంలో 10 దాటకూడదు. ఐసు ఎక్కువైతే మంచిదే కదా అని సంచికి ఆనించి పెడితే కణాలు గడ్డకట్టి పగిలిపోతాయి, ఆ రక్తం ఎక్కించడానికి పనికిరాదు. ధనుర్వాతం టీకాకూ అదే గండం. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపండి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తేనే టీకా పెట్టెలో పెట్టండి. థర్మామీటరు మూతకు కాదు, సంచుల మధ్య ఉండాలి. ప్లేట్‌లెట్లు 20–24 డిగ్రీల్లో, అదీ మామూలుగా 5 రోజులే. దూరపు ఆసుపత్రికి వాటిమీద ఆశ పెట్టుకోవద్దు.

7 ఘనమీటర్ల ఆక్సిజన్ సిలిండర్ నిమిషానికి 10 లీటర్ల చొప్పున దాదాపు 11 గంటల 40 నిమిషాలు వస్తుంది. చాలాసార్లు కొరత గ్యాసుకు కాదు, ఖాళీ సిలిండర్లకు. ఏ లారీనీ అవి ఎక్కించకుండా వెనక్కి పంపొద్దు.