గుర్రం ఒకే పక్కకి జరుగుతుందా? లగాం గుంజకముందు జీను చూడుండ్రి

సమస్య: పారా డ్రెస్సాజ్ (వైకల్యం ఉన్నోళ్లు గుర్రాన్ని సైగలతోని నడిపించే పోటీ) ప్రాక్టీసుల గుర్రం సెంటర్ లైన్ (మైదానం నట్టనడుమ గీత) మీద సక్కగా పోక ఎడమకి జరుగుతది. కోచ్ ఎక్కితే నీట్‌గ పోతది, పోలియో కాలున్న పిల్లగాడు ఎక్కంగనే మొదలు. ఇగ షాద్‌నగర్, జడ్చర్ల దిక్కు ఏ ఫారంల అడిగినా ఒకటే మాట, కాళ్లల్ల బలం లేకుంటే గుర్రం లెక్కచెయ్యదు అని. మోకాళ్ల కింద పట్టు లేని డెన్మార్క్ రైడర్ లిస్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌ల సిల్వర్ కొట్టింది, ఆమె గుర్రం ఎట్ల విన్నదంట మరి?

ముందుగాల డెక్కల రాయి ఇరుక్కుందా, కాలు పెట్టే రికాబులు రెండూ సమానమేనా చూడుండ్రి. ఇది కూడ చూడకుండనే కొత్త బిట్ (గుర్రం నోట్లె పెట్టే కడ్డీ) కొనుక్కొస్తరు.

అసలు దొంగ జీను. గుర్రం మీద బరువు ఎటు పడితే అది అటే అడుగేస్తది, అది మొండితనం కాదు, చెప్పినట్టు వినుడే. కుడికాలు బలం లేనోళ్లు తెల్వకుండనే ఎడమ రికాబు మీద తొక్కుతరు, జీను మెల్లగ అటు గుంజుకపోతది. నిలబెట్టి చూస్తే మాత్రం మధ్యలనే ఉంటది, పది నిమిషాలు నడిచినంకనే జరుగుతది, అందుకే ఎవ్వరికీ దొరకదు. కోచ్ ఎక్కితే అసలే జరగదు కాబట్టి తప్పు రైడర్ మీదికి పోతది. గ్రేడ్ 1ల (వైకల్యం అన్నిటికన్న ఎక్కువున్నోళ్ల తరగతి) అయితే టెస్ట్ మొత్తం నడకే, ప్రతి అడుగుల జడ్జికి కనవడ్తది.

ఎట్ల పట్టాలె అంటే, నడుస్తుంటే వెనకనుంచి ఫోన్‌ల వీడియో తియ్యుండ్రి. దిగినంక జీను తీసి వీపు మీద చెమట మచ్చ చూడుండ్రి, మన పాలమూరు ఎండకి అది మంచిగనే కనవడ్తది, రెండు దిక్కులా ఒక్కతీరుగ లేదంటే తేడా ఉన్నట్టే.

గర్త్ (జీనుని కట్టే పొట్ట కింది పట్టీ) ఇంకా బిగిస్తే గుర్రానికి నొప్పే తప్ప జీను ఆగదు. నేల మీదికెళ్లి రికాబు పట్టుకొని ఎక్కించుడు బంద్ చేసి గద్దె మీదికెళ్లి ఎక్కించుండ్రి, ఎందుకంటే ఎక్కేటప్పుడే జీను సగం గుంజుకపోతది. ఒరిగిన దిక్కు జీను కింద పలుచటి ప్యాడ్ పెట్టి పది నిమిషాలు నడిపించి మళ్ల వీడియో తీసి చూడుండ్రి. కాలు చెయ్యలేని సైగ విప్ (సన్న కొరడా)తోని ఇయ్యొచ్చు, కానీ ఆ సైగ గుర్రానికి రోజూ నేర్పాలె, నడుమ రోజులల్ల కోచ్ ఎక్కినా గదే సైగ వాడాలె. పోటీల రెండు విప్‌లు, లూప్ ఉన్న రెయిన్స్ (లగాం తాళ్లు) లాంటివి రైడర్ వైకల్యం చూసి ఇచ్చే క్లాసిఫికేషన్ కాగితంల రాసుంటేనే నడుస్తయి, ముందే చూస్కోవాలె.

గుర్రానికి పంటి నొప్పో, వీపు నొప్పో అంటరా, కోచ్ ఎక్కినా గట్లనే జరిగితే డాక్టర్‌ని పిలువుండ్రి.